ఏడుగురు తైమూరీలు, ఒక వక్కల డబ్బా

ఇది రాసి పెట్టాలన్న బుద్ధి పోయిన నెల పుట్టింది. మా మండల గ్రంథాలయంలో గ్రూప్ పరీక్షలకు చదువుకునే పిల్లలు కిటికీ పక్క బల్ల దగ్గర చేరి ఒకరినొకరు ప్రశ్నలు అడుగుకుంటారు. నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటుంటాను. ఆ రోజు ఒక అమ్మాయి జనరల్ నాలెడ్జి పుస్తకం తెరిచి "తూర్పు తైమూర్" అంది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పింది: "రాజధాని దిలీ. భాషలు తేతుమ్, పోర్చుగీసు. మతం రోమన్ కాథలిక్." మొదటి అమ్మాయి "కరెక్ట్" అని పేజీ తిప్పేసింది.

ఆ జవాబులో తప్పేమీ లేదు, మార్కు పడుతుంది. అయితే సరిగ్గా అదే జవాబును నమ్ముకుని నేను ఒక మనిషికి నష్టం చేశాను. అది సరిదిద్దుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ బల్ల దగ్గర లేచి నిలబడి చెబితే ముసలాయన చాదస్తం అనుకుంటారు. రాసిపెడితే ఎప్పుడో ఒకరు చదువుతారు.

నేను అబుదాబి ఊరి బయట మఫ్రఖ్‌లో ఒక లేబర్ క్యాంపుకు క్యాంప్ బాస్‌గా పనిచేసి రిటైరయ్యాను. పేరు పెద్దదే కాని పని చిన్నది. ఎవరికి ఏ గదిలో ఏ మంచం, నీళ్ళ ట్యాంకు నిండిందా, నల్లులు పడ్డాయా, గదిలో ఎవరైనా స్టవ్వు దాచారా, ఇవీ నా విధులు. చదివింది పదో తరగతి. మిగిలిన చదువంతా పుస్తకాలు పెట్టింది. సెలవు రోజున బస్సెక్కి ఊళ్ళోని లైబ్రరీకి పోయేవాణ్ణి. సొంత దేశం వెళ్ళిపోయేవాళ్ళు వదిలేసిన పుస్తకాలు ఏరి నా ఆఫీసు గదిలో ఒక ఇనుప బీరువా నింపాను. భోజనాల హాలు గోడకు ఉన్న నోటీసు బోర్డులో సగం నాది. "ఈ వారం దేశం" అని రాసి, క్యాంపులో ఉన్నవాళ్ళ దేశాల గురించి ఇంగ్లీషులో, హిందీలో నాలుగేసి ముక్కలు పెట్టేవాణ్ణి. నేపాల్, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ అన్నీ అయిపోయాయి. మా జగిత్యాల, నిర్మల్ వాళ్ళు దాన్ని చూసి "కాక మళ్ళ పేపరేసిండు" అని నవ్వేవాళ్ళు. నాకు మాత్రం అది గర్వంగా ఉండేది.

2020 మొదట్లో ఒక గ్యాస్ ప్లాంటు మరమ్మతు కోసం ఏడుగురు స్కాఫోల్డర్లు వచ్చారు. ఇనుప గొట్టాలు బిగించి ఎత్తుకు మంచెలు కట్టే పని వాళ్ళది. పాస్‌పోర్టుల మీద తిమోర్-లెస్తె అని ఉంది. మూడు నెలల పని కోసం వచ్చారు. ఆ మూడు నెలలు తీరకముందే కరోనా వచ్చి ఆకాశం మూతపడింది. ఏడుగురూ మా దగ్గరే ఉండిపోయారు.

నేను ఎగబడి బోర్డు రాశాను. పుస్తకంలో ఉన్నట్టే: ప్రజలు తైమూరీలు, భాషలు రెండు, మతం కాథలిక్. పక్కన దేశపటం గీశాను. ఏడుగురూ వచ్చి చూశారు. వాళ్ళలో పెద్దాయన, యాభై దాటినవాడు, ఊళ్ళో చర్చిలో ప్రార్థన చెప్పించేవాడట, నా చేతిని తన పెదవులకు ఆనించి "చాలా బాగుంది, తియు" అన్నాడు. తియు అంటే వాళ్ళ భాషలో బాబాయి, మామయ్య, ఏదైనా. ఆరోజు నుంచి ఏడుగురికీ నేను తియునే. ఇంకొకడు నా పెన్ను అడిగి తీసుకుని, నేను గీసిన పటానికి ఒక చివర కన్ను పెట్టి పళ్ళు గీశాడు. దేశం మొసలి అయిపోయింది.

"తాత" అన్నాడు దాన్ని చూపించి.

మొసలే వాళ్ళ దీవిగా మారిందని వాళ్ళ కథ. అందుకని మొసలిని తాత అంటారు. నా వెనక నిలబడ్డ కోరుట్ల తమ్ముడు "మొసలి తాతేంది కాకా, గట్లయితే మనకు బర్రె పెద్దమ్మనా?" అన్నాడు. అందరూ నవ్వారు. అర్థం కాకపోయినా తైమూరీలు కూడా నవ్వారు.

మొసలి బొమ్మ గీసినవాడు కొండ ప్రాంతం మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. ఈ జ్ఞాపకం అతని గురించే.

తరవాత వాళ్ళతో మాట్లాడుతుంటే నా రెండు భాషల లెక్క బోర్డు మీదే వెలవెలపోయింది. ఒక్కొక్కరినీ ఇంట్లో ఏం మాట్లాడతారని అడిగాను. ఏడుగురిలో నాలుగు సొంత భాషలు తేలాయి. మంబాయి, బునక్, మకసాయ్, దిలీ మనిషికి తేతుమే. బునక్, మకసాయ్ అయితే మిగిలినవాటికి చుట్టాలు కూడా కావట. వాళ్ళు తమలో తాము తేతుమ్‌లో మాట్లాడుకుంటారు, ప్రార్థన పోర్చుగీసులో చెప్పుకుంటారు, గొట్టాల కొలతలు ఇండోనేసియా భాషలో అరుచుకుంటారు, వేలు నలిగితే మాత్రం ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటారు. ఆరు నెలల్లో క్యాంపు హిందీ కూడా వచ్చేసింది. దానికోసం ఎవరూ పుస్తకం తెరవలేదు. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు తెరుస్తున్న నాకు అరబ్బీలో పదండి అనే యల్లా, అయిపోయింది అనే ఖలాస్ దాటి పది వాక్యాలు రావు. వాళ్ళను చూసి అసూయపడ్డాను, ఆ తరవాత మెచ్చుకున్నాను.

దిలీ మనిషి ముస్లిం. వాళ్ళ ముత్తాత యెమెన్ నుంచి ఓడలో పోయి అక్కడ స్థిరపడ్డాడట. నా పుస్తకంలో ఆ ముత్తాతకు చోటు లేదు.

జూన్‌లో ఆ కొండ ప్రాంతం అతనికి ఫోన్ వచ్చింది. తల్లి పోయింది. విమానాలు లేవు. గదులకు గదులే తాళం వేసి పెట్టిన రోజులవి. నేను మాస్కు వేసుకుని తలుపు దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పి వచ్చాను, అంతకన్న చేయగలిగిందేమీ లేదు. అతను ఒక నల్ల గుడ్డ పీలిక చింపి చేతికి కట్టుకున్నాడు.

దూరం పాటించాలన్న నిబంధనతో ఏడుగురినీ విడదీసి వేరు వేరు గదుల్లో వేశాం. అతను మా తెలంగాణవాళ్ళ గదిలో పడ్డాడు. వారం తిరక్కముందే కోరుట్ల తమ్ముడు ఆఫీసుకు వచ్చాడు.

"కాకా, గాయిన్ను మా రూంల నుంచి తీసెయ్యి."

"ఏమైంది?"

"పొద్దుగాల లేసి గోడతోని మాట్లాడుతుండు. మంచం మీది అరల చింపంగ మిగిలిన నల్లగుడ్డ, పోకచెక్కలు, సున్నం, సిగరెట్టు, ముట్టియ్యని మైనంబత్తి. గివన్నీ ఒక్కకాడ పెడితె ఏమంటరో నీకెర్క లేదా? అసలే మనుషులు పిట్టల లెక్క రాలుతున్నరు."

"చేతబడి అంటావా? వాళ్ళు కాథలిక్కులురా. వాళ్ళల్లో అట్లాంటివి ఉండవు. బోర్డు చదవలేదా?"

"బోర్డు నువ్వు రాసినవు కాకా. పోకచెక్కలు ఆయన పెట్టిండు."

వెళ్ళి చూశాను. మందుల మాత్రలు వచ్చే రేకు డబ్బా ఒకటి, అందులో ఎండిన వక్క ముక్కలు, చిన్న సీసాలో సున్నం. పాన్, గుట్కా, వక్క ఏదీ క్యాంపులో ఉండకూడదన్నది నిబంధన. దాన్ని అమలు చేయడం నా పని. అది చాలు, డబ్బా తీసుకుని రావచ్చు. కాని నేను చదువుకున్నవాణ్ణి కదా, కారణం కూడా చెప్పాలనిపించింది.

"నువ్వు కాథలిక్ కదా?" అన్నాను హిందీలో.

"హా, తియు. కాథలిక్."

"కాథలిక్ మతంలో ఇవి లేవు. నేను చదివాను."

అతను డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కాథలిక్, తియు. యే భీ" అన్నాడు. ఇది కూడా, అని.

నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. తప్పు పట్టుబడినవాడు తల వంచాడనుకున్నాను. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదన్న వాళ్ళ మర్యాద నాకు అలా కనిపించింది. డబ్బాను గుట్కా పొట్లాల సంచిలో వేశాను. మరునాడు పొద్దున చెత్త బండిలో ఆ సంచి పోయింది. గదివాళ్ళు కుదుటపడ్డారు. ముదీర్, అంటే మా మేనేజరు, నా చురుకుదనం మెచ్చుకున్నాడు.

నవంబరు మొదటి వారంలో పెద్దాయన వచ్చి, చనిపోయినవాళ్ళ రోజు ప్రార్థన చేసుకుంటామని అనుమతి అడిగాడు. అనుమతి ఇచ్చి, తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆరుగురు మోకాళ్ళ మీద ఉన్నారు. దిలీ ముస్లిం వాళ్ళ వెనక నిలబడ్డాడు. అయ్యాక అతన్ని పక్కకు పిలిచి, "నువ్వెందుకు వచ్చావు?" అని అడిగాను. ప్రశ్న వెటకారంగా లేదనే అనుకుంటున్నాను.

"పండగ రోజు వాళ్ళు మా ఇంటికి వస్తారు. చావు రోజు నేను రాకపోతే ఎలా?" అన్నాడు. తరవాత, "తియు, ఆ డబ్బా ఏమైంది?" అన్నాడు.

చెత్త బండిలో పోయిందని చెప్పాను. అతని ముఖం చూశాక, చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది. అప్పుడు నాకు విషయం తెలిసింది. వాళ్ళలో చావు జరిగితే ఇంటివాళ్ళు నలుపు కట్టుకుంటారు. ఏడాది నిండిన రోజున దాన్ని విప్పుతారు. 'నలుపు విప్పడం' అనే పేరుతోనే ఆ కర్మ ఉంది. ఆ రోజు ప్రార్థన చెబుతారు, విందు చేస్తారు, తెల్లవార్లూ ఆడతారు. కొండ ప్రాంతం అతని ఇంటి ఆచారంలో ఇంకొకటి ఉంది. పోయినవాళ్ళు తమ చేత్తో ఇచ్చిన వక్కను తిరిగి వాళ్ళకు పెట్టి, ఆ తరవాతే విప్పాలి. తల్లి తన చెట్టు వక్క కోసి ఎండబెట్టి, ప్రయాణం రోజున ఆ డబ్బాలో పెట్టి ఇచ్చింది. అతను పెద్ద కొడుకు. అతను విప్పనిదే ఊళ్ళో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు విప్పడానికి లేదు. పై ఏడు జూన్ దాటాక, అక్కడ వానలు లేని కాలంలో, వాళ్ళ వంశపు పవిత్ర గృహాన్ని తిరిగి కడుతున్నారు. దుఃఖంలో ఉన్న ఇల్లు ఆ పనిలో చెయ్యి పెట్టకూడదు. వాసం మోయకూడదు, గడ్డి కప్పకూడదు. పని జరుగుతుంటే ఊరంతటిలో ఆ ఒక్క ఇల్లు దూరంగా నిలబడి చూడాలి.

"ఇదంతా అతను నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాడట కదా, ఇది కూడా అని. మీరు పెద్దవారు. అంతకన్న ఏం చెబుతాడు?"

ఆ రోజు ఆఫీసులో తలుపేసుకుని కూర్చున్నాను. మా నాయన పోయినప్పుడు పిట్టకు పెట్టాం. కాకి దూరంగా వాలింది కాని ముట్టలేదు. గారెలు పెట్టాం, కల్లు పోశాం. ఎండ నెత్తికెక్కింది. చివరికి మా చిన్నమ్మ "బీడీలు మరిచిండ్రు గదనే" అని ఒక కట్ట తెచ్చి పెట్టింది. కాకి ముట్టింది. నేను ఆ ఎండలో మూడు గంటలు నిలబడ్డవాణ్ణి. ఆ బీడీ కట్ట ఏ పుస్తకంలో ఉంది? హిందూ మతం గురించి ఎవరైనా నాలుగు ముక్కలు రాస్తే అందులో ఉంటుందా? నిబంధన ప్రకారం నేను చేసింది తప్పు కాదు. అందుకే ఆ తప్పు నాకు అయిదు నెలలు కనపడలేదు.

సరిదిద్దబోయి ఇంకో పొరపాటు చేశాను. బనియాస్‌లో పూజ సామాను దొరికే మనవాళ్ళ కొట్టుకు పోయి తమలపాకులు, వక్కలు తెచ్చి అతనికి ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని, కళ్ళకు అద్దుకుని, తిరిగి నా బల్ల మీద పెట్టాడు.

"బాగున్నాయి, తియు. కాని ఇవి అమ్మవి కావు."

నల్ల పీలిక అతని చేతికి అలాగే ఉంది. పనిలోకి పోయేటప్పుడు యూనిఫాం లోపలికి తోసుకునేవాడు. సాయంత్రం వచ్చి, ముడి విప్పకుండానే కడుక్కుని మళ్ళీ బయటికి లాక్కునేవాడు. మే వచ్చేసరికి దాని నలుపు బూడిద రంగుకు తిరిగింది.

ఏడాది దగ్గరపడ్డాక పెద్దాయన నా ఆఫీసులోంచే వీడియోలో వాళ్ళ ఊరికి ఫోన్ చేశాడు. తెర మీద చనిపోయినావిడ అన్న కనిపించాడు. పళ్ళు వక్కతో ఎర్రబారిన ముసలాయన. అంటే మా వాడికి మేనమామ. ఆ కర్మలో ఆయన మాటే మాట. ఆ సంగతి విని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మేనమామ లేనిదే మనకు మాత్రం ఏ కార్యం నడుస్తుంది?

పెద్దాయన తేతుమ్‌లో చెబితే ఆ పక్క ఎవరో మంబాయిలోకి మార్చారు, జవాబు తిరిగి అదే దారిలో వచ్చి చివరికి హిందీలో నాకు చేరింది.

"డబ్బా తీసినవాడు ఎవరని అడుగుతున్నాడు."

"నేనే" అన్నాను.

ముసలాయన ఫోన్ దగ్గరికి తెచ్చుకుని నన్ను చూశాడు. కోపం కనిపించలేదు. రెండు మాటలన్నాడు.

"తీసిన చెయ్యే ఇవ్వాలంటున్నాడు. ఆమె తన చేత్తో ఇచ్చింది ఇక దొరకదు కాబట్టి, ఇంకో తల్లి తన కొడుక్కి ఇచ్చి పంపిన వక్క అయితే పనికొస్తుందంటున్నాడు. కొన్నది పనికిరాదు."

క్యాంపులో ఎవరి దగ్గరా వక్క ఉండకుండా చూసినవాణ్ణి నేనే. ఏడాదిగా ప్రతి గదినీ, ప్రతి పెట్టెనూ వెతికి తీయించాను. భోజనాల వేళ హాల్లో నిలబడి విషయం చెప్పాను. నేను చేసింది కూడా చెప్పాను. అలా చెప్పడం ఆ ఉద్యోగంలో అదే మొదటిసారి.

మెస్సులో వంట చేసే నెల్లూరు భాయ్ గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. "ఏందన్నా ఇది, ఇన్ని రోజులు మాకెందుకు చెప్పలా? తిండి సంగతి నాకొదిలెయ్, ఖలాస్. వక్క సంగతి మీరు చూసుకోండి" అన్నాడు.

సాయంత్రం కోరుట్ల తమ్ముడు ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"కాకా, ఒక మాట. నువ్వు ఏమనద్దు."

"చెప్పు."

"మా రాజన్న పటం ఎనుక ఉన్నది. అవ్వ కట్టిచ్చింది, పసుపు గుడ్డల. పోకనే. నువ్వు చెకింగుకు వచ్చినప్పుడల్లా దేవుని పటం ముట్టవని ఆడ పెట్టిన."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గదిలోంచి ఆ మనిషిని తీసెయ్యమన్నవాడే వాడు. "ఇస్తావా?" అన్నాను.

"ఇద్దామనే వచ్చిన. గాయిన ఏడాది సంది నా పక్క మంచమే గదా. నాకు జరమొచ్చినప్పుడు గంజి పోసిండు. పోక మంత్రానిది కాదని అప్పుడే సమజైంది, నీకు చెప్పుడే మరిచిన." ఫోన్ బయటికి తీసి, "అవ్వనడిగి ఇస్త. ఆమె కట్టింది గదా" అన్నాడు.

అక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. కొడుకు చెప్పిందంతా ఆ తల్లి మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"ఇయ్యి బిడ్డా. గండ్ల అడుగుడేంది. కడిగి ఇయ్యి, పసుపు రాసి ఇయ్యి." తరవాత, "ఆమె పేరేంది?" అంది.

"ఎవలది?"

"సచ్చిపోయినామెది. పేరు జెప్పకుంట ఎట్ల పెడతరు? ఎవలికి ముడుతది?"

వాడు నా వైపు చూశాడు. ఆ దేశం రాజధాని నాకు తెలుసు, భాషలు తెలుసు, మొసలి కథ తెలుసు. ఏడాదిగా ఆమె కొడుకు మా మధ్య నలుపు కట్టుకుని తిరుగుతున్నాడు. ఆమె పేరు ఏమిటని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న భోజనాల హాల్లో బల్లలు జరిపాం. మంట పెట్టకూడదు కాబట్టి నిప్పులార్పే సిలిండరు పక్కన పెట్టుకుని ఒకే ఒక్క కొవ్వొత్తి వెలిగించాం. ఫోన్‌ను నీళ్ళ జగ్గుకు ఆనించి నిలబెట్టాం. అక్కడ అప్పటికి మధ్యాహ్నం. నల్ల బట్టల్లో ఇంటిల్లిపాదీ వరసగా కూర్చుని ఉన్నారు. పెద్దాయన పోర్చుగీసులో ప్రార్థన చెప్పాడు. ప్రార్థన అయ్యాక తెరలోంచి మేనమామ వాళ్ళ పాత మాటలేవో పాడినట్టు చెప్పాడు. ప్రార్థనకు ఆ మాటలు, ఆ మాటలకు ప్రార్థన అడ్డం రాలేదు. మా బల్ల మీద తమలపాకు, దాని మీద కోరుట్ల పోక. వెనక మావాళ్ళు ముప్పై మంది దాకా నిలబడ్డారు.

మేనమామ ఏదో అన్నాడు. పెద్దాయన నాకు చెప్పాడు: "విప్పాల్సింది తన చెయ్యేనట. అది ఇంత దూరం అందదు కాబట్టి మీ చెయ్యి ఒకసారి అడుగుతున్నాడు."

నేను ఆకూ వక్కా రెండు చేతులతో ఎత్తి, ముందుగా అడిగి తెలుసుకున్న పేరు గట్టిగా చెప్పి కొవ్వొత్తి ముందు పెట్టాను. తరవాత ఆ పీలిక ముడి విప్పబోయాను. ఏడాది తడిసి ఆరి బిగుసుకుపోయింది. గోళ్ళతో చాలాసేపు పట్టింది. ఎవరూ కత్తెర ఇవ్వబోలేదు. ముడి వదిలింది. తెర మీద కూడా ఒక్కొక్కరే నలుపు విప్పడం కనిపించింది. ఎవరో చిన్నగా నవ్వారు, తరవాత డప్పు లాంటిదేదో మోగింది. అతను నా చెయ్యి అందుకుని పెదవులకు ఆనించాడు. నెల్లూరు భాయ్ "యల్లా, చల్లారిపోతాంది, కూర్చోండి అందరూ" అన్నాడు.

రెండు నెలల తరవాత అతను ఒక ఫోటో చూపించాడు. సగం కప్పు పడిన ఎత్తయిన ఇల్లు, వాసం మోస్తున్న మనుషులు. వాళ్ళలో అతని తమ్ముళ్ళు ముగ్గురున్నారు.

ఇప్పుడు కృతజ్ఞతలు. మిగిలినవాళ్ళు సొంత పేర్లు వద్దన్నారు కాబట్టి క్యాంపులో పిలుచుకున్న పేర్లే రాస్తున్నాను: ప్రార్థన చెప్పిన పెద్దాయన, నిజం చెప్పిన దిలీ భాయ్, అన్నం పెట్టిన నెల్లూరు భాయ్, పోక ఇచ్చిన కోరుట్ల తమ్ముడు, అడగాల్సింది అడిగిన వాళ్ళ అవ్వ, చెయ్యి అడిగిన మేనమామ. ఒక్కరి పేరు మాత్రం దాచడానికి లేదు, చెప్పకపోతే ముట్టదు కాబట్టి. కొడుకుని అడిగినప్పుడు ఆమెకు చర్చిలో పెట్టిన పేరు చెప్పాడు. నేను రాసుకుని కాగితం మడవబోతుంటే నా చెయ్యి ఆపి, ఇంట్లో పిలిచే పాత పేరు కూడా చెప్పాడు. ఆ అమ్మాయిలు మళ్ళీ ఆ పేజీ తెరిచినప్పుడు మార్జిన్‌లో రాసుకోవాలని కోరిక.

దొమింగస్. బుయి కూడా.